కాళ్ల కింద వోల్టేజీ

ఒక పాఠకుడి ప్రశ్న: "మొదటి పాయింటులో నీళ్లు పడలేదు. మాస్ట్ దించకుండానే బోరు బండిని పక్కకు కదిలిస్తే 11 కేవీ తీగకు తగిలింది. క్యాబిన్‌లో ఉన్నంతసేపూ డ్రైవరు బాగానే ఉన్నాడు, దిగబోతూ చనిపోయాడు. ఎందుకని?" ఇది చదివాక ఈ నెల రాద్దామనుకున్న గ్రహణాలు మూలన పడ్డాయి.

11 కేవీ అన్నది రెండు ఫేజుల మధ్య లెక్క. ఒక ఫేజుకూ భూమికీ మధ్య ఉండేది సుమారు 6,350 వోల్టులు. మాస్ట్ తగిలిందంటే బండి ఇనుమంతా దాదాపు ఆ వోల్టేజీకి చేరుతుంది, డ్రైవరుతో సహా. అయినా ఆయన ఒంట్లో ఏ రెండు చోట్ల మధ్యా తేడా లేదు కాబట్టి కరెంటు పారదు. తలుపు పట్టుకుని ఒక కాలు నేలమీద మోపాడా, వేల వోల్టుల తేడాకు ఆయనే వంతెన.

"రబ్బరు టైర్లు కాపాడతాయి కదా!" అంటారు, ఇంజినీరింగు చదివినవాళ్లు కూడా. టైరులో ఉక్కు తీగలుంటాయి, రబ్బరులో కార్బన్ కలిపి ఉంటుంది. ఇన్ని వోల్టులకు టైర్లే అంటుకుంటాయి.

అసలు అందం నేలలో ఉంది. టైరు కింద దిగిన కరెంటు మట్టిలో అన్ని వైపులకూ పరుచుకుంటుంది. దగ్గరలో వోల్టేజీ నిట్టనిలువుగా పడిపోతుంది, దూరం పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. మట్టి నిరోధకత 100 ఓమ్-మీటర్లు, దిగే కరెంటు 20 ఆంపియర్లు అనుకోండి. మీటరు దూరంలో నేల 318 వోల్టులు, రెండు మీటర్ల దగ్గర 159. అక్కడ పెద్ద అంగ వేస్తే రెండు కాళ్ల మధ్య 159 వోల్టులు! పది, పదకొండు మీటర్ల మధ్య తేడా మూడు వోల్టులు కూడా ఉండదు. పిడుగు చెట్టుమీద పడితే కింద నిలబడ్డ ఆవులు చచ్చిపోయేదీ ఎక్కువగా ఇలాగే. వాటి ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరమెక్కువ, దారిలో గుండె ఉంది.

సబ్‌స్టేషన్‌లో ట్రిప్ అవుతుందిలే అనుకోవద్దు. ఎండిన నేలలోకి తక్కువ కరెంటే పోతే రిలే పట్టించుకోకపోవచ్చు. ట్రిప్ అయినా లైను మళ్లీ చార్జ్ చేస్తారు.

ఇక జాగ్రత్తలు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నేలచూపులు చూస్తూ పాయింటు వెతికేవాళ్లు ఒక్కసారి తలెత్తి చూస్తే ఇదంతా రాయాల్సిన పనే లేదు. తగిలితే మాత్రం లోపలే కూర్చుని 1912కు ఫోన్ చేయాలి, చుట్టుపక్కల వాళ్లను దగ్గరికి రావద్దని కేకేయాలి. మంటలు లేస్తే బండిని పట్టుకోకుండా, రెండు కాళ్లూ కలిపి దూకి, పాదాలు విడిపోకుండా చిన్న చిన్న గెంతులతో పది మీటర్లు దాటాలి.