స్లైడర్ సందులో అక్షింతలు

పెళ్లిళ్ల సీజన్ అయిపోయిందంటే నా బల్ల మీదికి కీబోర్డులు వచ్చి పడతాయి. విప్పి చూస్తే ఎక్కడ వాయించి తెచ్చారో ఇట్టే చెప్పేయొచ్చు. స్లైడర్ సందులో పసుపు అంటిన బియ్యపు గింజలుంటే పెళ్లి పందిరి. మెరుపు కాగితం తునకలుంటే బరాత్. గులాల్ ఉంటే వినాయక నిమజ్జనం. ఇవేవీ లేకపోయినా ఎర్రదుమ్ము మాత్రం ఉండి తీరుతుంది. అది జహీరాబాద్ మట్టి, చొక్కానే వదలదు, కీబోర్డును వదులుతుందా?

ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించడం నా వృత్తి. రిపేరు పని గతిలేక నేర్చుకున్నది. మా ఊరు హైదరాబాద్-ముంబై హైవే మీద ఉంది కాబట్టి బస్సులకు కొదవ లేదు. కానీ పది ఇరవై రూపాయల సామాను కోసం వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, కోఠిలో దిగి, గుజరాతీ గల్లీలో దుకాణం దుకాణం తిరిగి, రాత్రికి ఇల్లు చేరాలి. నాలుగుసార్లు అలా పోయొచ్చాక, తెచ్చేదేదో సరైనదే తెచ్చుకుందామని సోల్డరింగ్ ఐరన్‌తో పాటు మల్టీమీటర్ కూడా కొన్నాను.

అందరూ నాబు అనేది నిజానికి టోపీ. పని చేసేది దాని కింద ఉన్న తల. పేరు పొటెన్షియోమీటర్, మేం పాట్ అంటాం. లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పూసిన పట్టీ ఉంటుంది, దాని మీద సన్నటి లోహపు నాలుక ఒకటి జారుతుంది. నాలుక ఎంత దూరం జరిగితే కరెంటుకు అంత అడ్డు. ఆ నాడాను సాగదీసి తిన్నగా పరిస్తే అదే స్లైడర్. రేడియో స్టేషన్ మిక్సర్ మీద పైకీ కిందికీ జరిపే ఫేడర్‌దీ ఇదే జాతి. మాకు దగ్గర్లోని మాచనూరులో 2008లో మొదలైన సంగం రేడియోను నడిపేది పల్లె ఆడవాళ్లే కాబట్టి, మా ప్రాంతంలో ఫేడర్ అంటే ఏమిటో ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకే తెలియాలని లేదు.

తిరిగే నాబుకు ఒంటి నిండా డబ్బా ఉంటుంది. స్లైడర్‌కు పైకప్పే ఉండదు, ఉన్నది చీలిక. చెమట, టీ చుక్క, అక్షింతలు అన్నీ అందులోకే. లోపలి గ్రీజు దుమ్ముతో కలిసి ముద్దవుతుంది, నాలుక ఆ ముద్దను ఈడ్చుకుంటూ కార్బన్‌ను గీకుతుంది. అందుకే ఒకే కీబోర్డులో నాబులు బాగుండి స్లైడర్లు పోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

నా దగ్గర ఒక ముసలిది ఉంది: రోలాండ్ జూనో-106. జపాన్‌వాళ్లు 1984లో తెచ్చిన మోడల్. 61 మెట్లు, ఒకేసారి ఆరు స్వరాలు, 128 శబ్దాలు దాచుకునే జ్ఞాపకం. సికింద్రాబాద్‌లో ఆర్కెస్ట్రా నడిపిన పెద్దాయన ఒకాయన పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ, “అమ్ముకోకు, వాయించు” అని చెప్పి తక్కువ ధరకే ఇచ్చారు. 80ల చివర సినిమా పాటల్లో సింథసైజర్ మోత విని పెరిగిన తరం మాది. సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడని తెలిసినప్పుడు, మా అందరికీ ప్రమోషన్ వచ్చినట్టు మురిసిపోయాం. కాబట్టి ఆ ముసలిదాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ అన్న మాటలు నాకు అంతగా వినిపించలేదు.

జూనో ముఖమంతా స్లైడర్లే. సగం టోపీలు లేవు, ఇనుప పుల్లలు వేలికి గుచ్చుకునేవి. ఇందులో ఒక తమాషా ఉంది. మామూలు కీబోర్డులో వాల్యూం పాట్ అరిగితే గరగరమంటుంది, ఎందుకంటే పాట వెళ్లే దారి అదే. జూనోలో చాలా స్లైడర్ల గుండా శబ్దం పోదు. స్లైడర్ ఎక్కడుందో లోపలున్న చిన్న కంప్యూటర్ చదువుకుని, దాన్ని బట్టి శబ్దాన్ని మారుస్తుంది. పట్టీ అరిగితే ఆ చదువు తప్పుతుంది. మెల్లగా జరిపితే మెల్లగా తెరుచుకోవాల్సిన శబ్దం, మెట్ల మీద కాలు జారినట్టు ఒక్కసారి దుముకుతుంది. గరగర లేదు కదా, స్లైడర్ మంచిదే అనుకుని నేను ఒక వారం చిప్పులను అనుమానించాను.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. వరుసలో హెచ్‌పీఎఫ్ అని రాసిన స్లైడర్ ఒకటి అచ్చం పక్కవాటిలాగే ఉంటుంది. కానీ అది నాలుగు చోట్ల ఆగే స్విచ్చు. లెక్కపెట్టి అన్నీ ఒకే రకం తెప్పించుకుంటే ఒకటి మిగులుతుంది, ఒకటి తక్కువవుతుంది.

విప్పే ముందు శబ్దాలను కాపాడుకోవాలి. జ్ఞాపకాన్ని నిలబెట్టేది లోపలున్న బిళ్ల బ్యాటరీ, దానికి ఏమైనా అయితే 128 శబ్దాలూ గల్లంతే. ఆ రోజుల్లో వాటిని క్యాసెట్ టేపులోకి ఎక్కించుకునే ఏర్పాటు పెట్టారు. మోడెం కూతలాంటి చప్పుడు వస్తుంది, దాన్ని టేపులో పట్టుకోవడమే. నేను కంప్యూటర్‌లో రికార్డు చేసుకున్నాను. మా ఆవిడ పొయ్యి మీద పాలు పొంగాయేమో అనుకుని పరుగెత్తుకొచ్చింది.

మార్చడం కన్నా ముందు కడగడం. ప్లగ్గు పీకేయాలి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి ముప్పైసార్లు జరపాలి. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలామటుకు ఇంతటితోనే బతుకుతాయి. క్లీనర్ గ్రీజునూ కడిగేస్తుంది కనుక స్లైడర్ మరీ తేలికైపోతే ఫేడర్లకని అమ్మే లూబ్రికెంట్ ఒక చుక్క వేయాలి. కిరోసిన్, కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె మాత్రం వద్దు. ఈ మూడూ పోసి తెచ్చినవి చూశాను, మూడింటికీ పట్టీలు మార్చక తప్పలేదు.

పట్టీ అరిగి గీత పడిందంటే కడిగినా లాభం లేదు. అప్పుడు కొత్తది వెతకాలి. చూడాల్సింది ఒకటీ రెండూ కాదు: జారే దూరం ఎన్ని మిల్లీమీటర్లు, ఒంటి పొడవెంత, కాళ్లు ఎక్కడెక్కడ, పుల్ల మందమెంత, ఎత్తెంత. తిరిగే పాట్లకైతే కడ్డీ కొలత. జపాన్ యంత్రాలకు ఎక్కువగా 6 మిల్లీమీటర్లు. అమెరికావాటికి పావు అంగుళం, అంటే 6.35. తేడా కంటికి ఆనదు. పావు అంగుళం నాబును 6 మిల్లీమీటర్ల కడ్డీకి తొడిగితే మాత్రం పెద్ద కాలి చెప్పు వేసుకున్న పిల్లాడిలా ఊగుతుంది.

వీటికన్నా ముఖ్యమైనది పాట్ మీద అంకె పక్కన ఉండే అక్షరం. బీ అంటే సమానంగా పెరిగేది, ఏ అంటే మన చెవికి తగ్గట్టు మొదట మెల్లగా, తర్వాత గబగబా పెరిగేది. ఈ పాఠం నాకు ఒక పెళ్లి నేర్పింది. వాల్యూంకు 10కే, అంటే పది కిలో ఓముల పాట్ కావాలని తెచ్చాను, 10కే అని చూసి పెట్టేశాను, అక్షరం చూడలేదు. పెళ్లికూతురు గడప దాటే వేళ సన్నగా సన్నాయి శబ్దం మొదలుపెడదామని నాబును గోరంత తిప్పాను. పందిరి అదిరిపోయింది. మెట్టు దిగుతున్న ముసలమ్మ గుండె పట్టుకుంది. పురోహితుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటి నుంచి ముందు మల్టీమీటర్ పెడతాను. నాబును సరిగ్గా సగానికి తిప్పితే బీ రకం సగం చూపిస్తుంది. ఏ రకం ఒక వైపు నుంచి పదో వంతు కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది.

తీసేటప్పుడు తొందరపడితే బోర్డు పాడవుతుంది. పాత టంకం మొండికేస్తుంది. దాని మీద కొత్త టంకం కొంచెం కరిగించి కలిపితే మెత్తబడుతుంది, అప్పుడు పీల్చేయాలి. అయినా రాకపోతే ఎలాగూ పారేసే స్లైడరే కదా, కాళ్లు కత్తిరించి ఒక్కో కాలునూ విడిగా లాగుతాను. బలవంతం చేస్తే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది, నలభై ఏళ్ల బోర్డుకు మరీ తొందరగా.

టోపీలను స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, ప్యానెల్ మీద గాటు పడుతుంది. నాబు కింద బూటు లేసు ఒక చుట్టు వేసి రెండు కొసలూ కలిపి నిటారుగా లాగితే ఊడొస్తుంది. జిగటగా మారిన రబ్బరు నాబులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పై పొర పోయి గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. చీలిన నాబును దారంతో బిగించి కట్టి, చీలికలో మాత్రమే గమ్ము వేయాలి. మొన్న ఒక తమ్ముడు వచ్చాడు.

“అన్నా, నాబు ఊడొచ్చిందని గమ్ము ఏసి అతికిచ్చిన. ఇప్పుడు తిరుగుతనే లేదు.”

“ఎంత ఏసినవ్ తమ్మీ?”

“రెండు చుక్కలే అన్నా.”

రెండో చుక్క కడ్డీ వెంట పాట్ లోపలికి దిగింది. నాబూ పోయింది, పాటూ పోయింది.

జూనోకు స్లైడర్లు మార్చడానికి నాకు మూడు ఆదివారాలు పట్టాయి. హెచ్‌పీఎఫ్ స్విచ్చు కడిగితేనే బాగుపడింది, దాన్ని అలాగే ఉంచాను. టోపీల్లో అసలువి పదకొండు మిగిలాయి, ఎక్కువగా ముట్టుకునే చోట అవే పెట్టాను. తక్కిన చోట్ల కొత్తవి. రంగు కొంచెం తేడా కొడుతుంది. కొడితే కొట్టనీ, చీకట్లో వేలికి రంగు తెలియదు.

మీ ఇంట్లో అటక మీద పాత కీబోర్డు ఏదైనా ఉంటే ఒక పని చేసిపెట్టండి. ఊడిన నాబును చెత్తబుట్టలో వేయకుండా, ఒక కవరులో పెట్టి ఆ కీబోర్డు పెట్టెకే టేపుతో అంటించండి. మాలాంటివాళ్లం వెతికేది దానికోసమే.