సంతకాలు పెట్టినంత మాత్రాన విడాకులు రావు

‘ఇద్దరికీ ఇష్టమే కదా, ఇక కోర్టుతో పనేముంది?’ పరస్పర అంగీకార విడాకుల మీద ఉన్న అపోహల్లో చాలావాటికి మూలం ఈ ప్రశ్నే. పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ ముద్ర వేయించుకుంటే తెగతెంపులైపోయినట్టేనని పల్లెల్లోనే కాదు, నగరాల్లోనూ నమ్మేవాళ్లున్నారు. ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ గుర్తిస్తున్న మాట నిజమే. అయితే అలాంటి ఆచారం తమలో ఎప్పటినుంచో ఉందని రుజువు చేయాల్సింది దాన్ని చెప్పుకునేవాళ్లే. ఆ రుజువు లేకుండా కాగితాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లాడితే ఆ పెళ్లి చెల్లదు, పైగా నేరం.

అంగీకారాన్ని చట్టం ఒక్క సంతకంతో తేలిపోయే విషయంగా చూడదు. 1976లో చేర్చిన 13-బి సెక్షన్ ప్రకారం ఏడాదిగా విడిగా ఉంటున్న దంపతులు ఉమ్మడిగా పిటిషన్ వేయాలి, ఆరు నెలలు ఆగి మళ్లీ కోర్టు ముందుకొచ్చి అదే మాట చెప్పాలి. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లలో ఉండటమే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే చాలునని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని చెప్పిందీ ఆ తీర్పే. మొదటి సంతకంతోనే పని అయిపోయిందనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. ఆరు నెలల గడువు ఇప్పుడు లేదన్న ప్రచారమూ సగమే నిజం. సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన తీర్పు ప్రకారం పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు ఫలించక, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్నవాళ్లు కోరితే జడ్జి ఆ గడువును మాఫీ చేయవచ్చు. చేసి తీరాలనేం లేదు. మేజర్లయిన ఇద్దరు కోరుకుంటుంటే నెలల తరబడి ఆపడం పెత్తనం కాదా అని అడగవచ్చు. నిజంగా తేల్చుకున్నవాళ్ల విషయంలో ఆ ఆక్షేపణ న్యాయమైనదే, 2017 తీర్పు వచ్చిందీ అందుకే. కానీ పుట్టింటివాళ్లు మోయలేమన్నందుకో, కేసు పెడతామని బెదిరించినందుకో పెట్టిన సంతకం కూడా కాగితం మీద ఇష్టంగానే కనిపిస్తుంది. రెండింటికీ తేడా తెలియాలంటే కొంత వ్యవధి కావాలి, అడిగేవాళ్లు ఉండాలి.

లాయరు విషయంలో అపోహ రెండువైపులా ఉంది. లాయరు లేకుండా కుదరదనేది ఒకటి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ చూస్తే, అక్కడ లాయరును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కూడా కాదు, కోర్టు అనుమతించాలి. లాయరు అడుగుపెడితే సఖ్యంగా ఉన్న వ్యవహారం రచ్చకెక్కుతుందనేది రెండోది. అలా రచ్చ చేసేవాళ్లు లేరనను. కానీ ఏ గొడవా లేని విడాకుల్లో లాయరు అసలు పని వాదన కాదు, ఒప్పంద పత్రం. ఉమ్మడి పేరున ఉన్న ఇంటి లోను ఎవరు కట్టాలి, బంగారం ఎప్పుడు తిరిగివ్వాలి, భరణం ఎన్ని విడతల్లో, స్కూలు ఫీజు ఎవరిది, నడుస్తున్న కేసుల మాటేమిటి? ఇవి నోటిమాటగా ఉండిపోతే అంగీకారం మధ్యలోనే బెడిసికొడుతుంది. ఖర్చు కలిసొస్తుందని ఇద్దరూ ఒకే లాయరును పెట్టుకుంటారు గానీ, ఆస్తి దగ్గర ప్రయోజనాలు వేరైతే ఒకే మనిషి ఇద్దరికీ నిష్పక్షంగా సలహా ఇవ్వలేరు. కనీసం సంతకానికి ముందు ఆ పత్రాన్ని మరొకరికి చూపించుకోవడం మేలు. పిల్లల పోషణ ఖర్చు తమకక్కర్లేదని తల్లో తండ్రో రాసిచ్చినా, పిల్లల హక్కు దానితో పోదు.

విదేశాల్లో ఉన్నవారు అక్కడి కోర్టులో తెచ్చుకున్న డిక్రీ ఇక్కడా చెల్లుతుందనుకోవడం మరో పొరపాటు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లికి భర్త అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ కోర్టుకు అధికారం లేదని భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. ఆమె ఆ విడాకులకు సమ్మతించి ఉంటే సంగతి వేరుగా ఉండేదని ఆ తీర్పులో పెట్టిన మినహాయింపులే చెబుతున్నాయి.