నిశ్శబ్ద కెమెరా – స్వతంత్ర ఆవిష్కర్త

సంగారెడ్డి సమీపంలోని మంజీరా అభయారణ్యం మొసళ్లకు, నీటి పక్షులకు ప్రసిద్ధి. అటువంటి చోట పక్షులను ఛాయాచిత్రాలలో బంధించదలచినవారికి కెమెరా చేసే 'టక్' మనే చిన్న చప్పుడే పెద్ద ఆటంకమవుతుంది. సంగీత కచేరీలోను, నాటక ప్రదర్శనలోను ఆ శబ్దం రసభంగం కలిగిస్తుంది. చూడటానికి స్వల్పంగా కనిపించే ఈ సమస్యను పరిష్కరించే ఆలోచన ఒక సామాన్యునికి తట్టితే, అది లోకానికి ఉపయోగపడే వస్తువుగా ఎలా మారుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవాలంటే ముందుగా కెమెరా ఎందుకు చప్పుడు చేస్తుందో గ్రహించాలి.

కటకం వెనుక ఏటవాలుగా అద్దం అమర్చిన కెమెరాలో మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది. దాని వెనుకనున్న మొదటి తెర తెరుచుకొని వెలుతురును లోనికి విడుస్తుంది. నిర్ణీత కాలం ముగియగానే రెండవ తెర మూసుకొంటుంది. అద్దం మరల యథాస్థానానికి చేరుతుంది. సెకనులో స్వల్ప భాగంలో జరిగే ఈ పనిలో వేగంగా కదిలే భాగాలు హఠాత్తుగా ఆగుతాయి. వాటి గతిశక్తిలో కొంత భాగం కంపనాలుగా మారి, కెమెరా పెట్టెను కదిలించి, గాలిలో ధ్వనిగా వ్యాపిస్తుంది.

ఈ ధ్వనిని తగ్గించడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, కదిలే భాగాలను మెత్తని ఆధారంతో నెమ్మదిగా ఆపడం. రెండవది, ధ్వనిని బయటకు రానీయకుండా కెమెరాకు కవచం తొడగడం. టాకీలు వచ్చిన తొలినాళ్లలో విదేశీ స్టూడియోలలో కెమెరాను, దానిని నడిపే మనిషిని కూడ ఒక గదిలాంటి పెట్టెలో ఉంచి చిత్రీకరించేవారు. కొంతకాలానికి కెమెరాకు మాత్రమే తొడిగే కవచాలు వచ్చాయి. మూడవ మార్గం, కదిలే భాగాలనే తొలగించడం. నేటి అద్దంలేని కెమెరాలలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో చప్పుడు లేకుండా చిత్రం తీయవచ్చు. ఐతే అనేక కెమెరాలు చిత్రాన్ని వరుసల వారీగా గ్రహిస్తాయి కనుక, తిరిగే ఫ్యాను రెక్కల వంటివి అందులో వంకరగా కనిపించవచ్చు. అంతేగాక వీడియో కెమెరాలలో కటకాన్ని జరిపే మోటారు, వేడిని తగ్గించే ఫ్యాను చేసే సవ్వడి మైకులో వినిపించే అవకాశం ఉన్నది. అంటే ఈ రంగంలో కొత్త ఆలోచనకు ఇంకను చోటు మిగిలే ఉన్నది.

అటువంటి ఆలోచన పెద్ద కంపెనీల ప్రయోగశాలలలోనే పుట్టాలనే నియమం లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, రామచంద్రాపురం పారిశ్రామిక ప్రాంతాలలో యంత్రాలతో నిత్యం మెలిగే కార్మికులెందరో ఉన్నారు. మోటారుపై చేయి వేసి దాని కంపనాన్ని పసిగట్టే ఫిట్టరు ఒకరికి కెమెరా సవ్వడిని అణచే ఉపాయం తోచినదనుకొందాం. అతనికి వెంటనే ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. పదిమందికి చెప్పకపోతే పెట్టుబడి రాదు. చెప్పితే ఆ ఆలోచనను మరొకరు తస్కరించవచ్చు.

ఈ సంకటానికి భారత పేటెంటు చట్టం, 1970 ఒక దారి చూపుతున్నది. పేటెంటు పొందాలంటే ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, ఆ రంగం తెలిసినవారికి సులభంగా తోచనిదై ఉండాలి, పరిశ్రమలో ఉపయోగపడాలి. దరఖాస్తుకు ముందే దాని మర్మాన్ని బహిరంగంగా వెల్లడిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, కొత్తదనమనే అర్హత పోతుంది. కావున ముందు దరఖాస్తు, ఆ తరువాతే ప్రచారం. నమూనా పూర్తికాకపోయినా తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేసి, 12 నెలలలోగా సంపూర్ణ వివరణ సమర్పించవచ్చు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే వ్యక్తికి ప్రాథమిక రుసుము 1,600 రూపాయలు. పెద్ద కంపెనీకి 8,000 రూపాయలు. పరిశీలనకు వేరుగా రుసుము చెల్లించాలి. మంజూరైన పేటెంటుకు దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాల వరకు రక్షణ లభిస్తుంది.

ఐతే పేటెంటు పత్రం ఒక్కటే ఆవిష్కరణను ప్రజల చెంతకు చేర్చలేదు. చింతకింది మల్లేశం అనుభవం ఇందుకు నిదర్శనం. ఆయనది ఆలేరు సమీపంలోని శారాజీపేట. తల్లి లక్ష్మి పోచంపల్లి పట్టుచీరలకు ఆసు పోసేది. ఒక్క చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదపవలసి వచ్చేది. నాలుగైదు గంటలు సాగే ఆ శ్రమతో ఆమె భుజాలు నొప్పి పుట్టేవి. పెద్ద చదువు లేని మల్లేశం 1992లో ఆసుయంత్ర నిర్మాణానికి పూనుకొని, ఎన్నో వైఫల్యాలకు ఓర్చి, 1999లో సఫలుడయ్యాడు. చివరి చిక్కుముడిని విప్పే ఉపాయం ఆయనకు హైదరాబాదులోని బాలానగర్‌లో ఒక యంత్రపు కదలికను గమనించినప్పుడు తట్టింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. 'లక్ష్మీ ఆసుయంత్రం'పై చీరకు సుమారు గంటన్నర చాలు. యంత్రం నడుస్తుండగా చూస్తే దాని విలువ అర్థమవుతుంది. పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఆయన కృషిని దేశానికి చాటాయి. 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

నిశ్శబ్ద కెమెరాను తలపెట్టినవారికి ఇందులో గొప్ప పాఠమున్నది. 'మా పరికరం చప్పుడు చేయదు' అని వర్ణించడం కంటె, ఒకే గదిలో, ఒకే దూరంలో మైకు ఉంచి, పాత కెమెరా ధ్వనిని, మార్చిన కెమెరా ధ్వనిని డెసిబెల్‌లలో కొలిచి చూపడం మేలు. 10 డెసిబెల్‌లు తగ్గినదంటే ధ్వని తీవ్రత పదవ వంతుకు పడిపోయినదని అర్థం. ఆ సంఖ్యను ఎవరైనా స్వయంగా పరీక్షించుకోవచ్చు. చిత్రం నాణ్యత తగ్గినా, బరువు పెరిగినా ఆ లోపాన్ని కూడ దాచకుండా చెప్పాలి. సంగారెడ్డి సమీపంలోని కందిలో ఐ.ఐ.టి. హైదరాబాదు ఉన్నది. కార్మికుని చేతి నైపుణ్యం, విద్యాసంస్థల కొలమానాలు ఒక చోట కలిస్తే ఆలోచనకు బలం చేకూరుతుంది.

స్వతంత్ర ఆవిష్కర్తకు కావలసినది జాలి కాదు. చట్టంపై అవగాహన, పని చేసే నమూనా, నిజాయితీగల కొలత, శ్రద్ధగా పరిశీలించే సమాజం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మంచి ఆలోచన ఒక పాత నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. ఆ నష్టం ఆవిష్కర్తకు మాత్రమే కాదు, దాని వలన మేలు పొందవలసిన వారందరికీ కలుగుతుంది.