జీర్ణాశయం చిన్నదైంది.. కంచం మారాలి!

బరువు తగ్గటానికి బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుంటున్నవారు ఇప్పుడు మన చుట్టుపక్కలా కనిపిస్తున్నారు. కిలోలు కరుగుతుంటే ఇంటిల్లిపాదికీ సంతోషమే. మధుమేహం, అధిక రక్తపోటు, గురక, మోకాళ్ల నొప్పుల వంటివీ తగ్గుముఖం పడతాయి. కానీ నాలుగు ముద్దలు తినగానే ఛాతీ పట్టేసినట్టుండటం, వాంతులు, గుండెదడ, మలబద్ధకం వంటివి కొత్తగా మొదలైతే ఏం చేయాలో తోచదు. 'ఆపరేషన్ అయింది కదా, ఇవన్నీ మామూలే' అని ఓర్చుకునేవారు కొందరు. 'ఆపరేషన్ వికటించిందేమో' అని హడలిపోయేవారు మరికొందరు. నిజానికి వీటిలో చాలావరకు తినే తీరు మార్చుకుంటే సర్దుకునేవే. కొన్ని మాత్రం ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడనివి. ఏది ఎలాంటిదో రోగికే కాదు, ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

లోపల ఏం మారుతుంది?

బరువు తగ్గించే ఆపరేషన్లలో ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తొలగించి, మిగిలిన దాన్ని సన్నటి గొట్టంలా మారుస్తారు. ఇందులో 100-150 మి.లీ.కు మించి పట్టదు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తొలగించిన భాగంలోనే. అందుకే ఆకలీ తగ్గుతుంది.

రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మి.లీ. పట్టే చిన్న సంచిని ఏర్పరచి, దాన్ని చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. ఆహారం పేగు తొలిభాగంలోకి వెళ్లదు. ఐరన్, క్యాల్షియం ప్రధానంగా ఒంటబట్టేది అక్కడే. కాబట్టి బైపాస్ చేయించుకున్నవారికి పోషకాల లోపం ముప్పు ఇంకాస్త ఎక్కువ.

అంటే మనసు పాత జీర్ణాశయానికి అలవాటుపడి ఉంటుంది. కడుపులో ఉన్నదేమో కొత్తది. తొలినాళ్ల ఇబ్బందుల్లో చాలావరకు ఈ తేడా వల్ల వచ్చేవే.

తొలి రెండు నెలలు మెట్టు మెట్టుగా..

లోపల కుట్లు మానటానికి వ్యవధి కావాలి. అందుకే ఆహారాన్ని అంచెలంచెలుగా పెంచుతారు. రోజుల లెక్క ఆసుపత్రిని బట్టి, రోగి స్థితిని బట్టి కాస్త మారొచ్చు. స్థూలంగా ఇలా ఉంటుంది.

* మొదటి కొద్దిరోజులు: నీళ్లు, పలుచటి పప్పుకట్టు, వడకట్టిన సూప్, చక్కెర లేని పలుచటి మజ్జిగ. గుటకలు గుటకలుగా, రోజంతా.
* తర్వాత ఒకట్రెండు వారాలు: వెన్న తీసిన పాలు, కాస్త చిక్కటి మజ్జిగ, డాక్టర్ సూచించిన ప్రొటీన్ పొడి కలిపిన పానీయాలు, పలుచటి రాగిజావ.
* మూడో వారం నుంచి: మెత్తగా మెదిపినవి. బాగా ఉడికించిన పెసరపప్పు, గిలకొట్టి ఉడికించిన గుడ్డు, చిదిమిన పనీర్, మెత్తటి చేప, పెరుగు.
* ఐదో వారం నుంచి: మెత్తటి ఘనాహారం. చిన్న ఇడ్లీ, సొరకాయ, బీరకాయ వంటి కూరలు, మెత్తటి కీమా.
* రెండు నెలలు దాటాక: మామూలు భోజనం. ఒక్కో కొత్త పదార్థాన్ని ఒక్కోరోజు కొద్దిగా తిని చూడాలి. పడకపోతే రెండు వారాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

'బాగానే ఉంది కదా' అని ఒక మెట్టు దాటేయటం మంచిది కాదు. రెండో వారంలోనే అన్నం తింటే వాంతులు కావటమే కాదు, కుట్ల మీదా ఒత్తిడి పడుతుంది.

కంచంలో వరస మార్చండి

మన భోజనంలో అన్నానిదే పెద్ద పీట. కూరైనా, పప్పైనా దానిలో కలుపుకోవటానికే. సర్జరీ తర్వాత ఈ లెక్క తిరగబడాలి. చిన్న జీర్ణాశయంలో అన్నం పడితే ప్రొటీన్‌కు చోటుండదు. పైగా మెత్తటి అన్నం ముద్దకట్టి, అడ్డుపడినట్టు అనిపిస్తుంది. మెత్తటి బ్రెడ్డు, చపాతీ, పీచు ఎక్కువగా ఉండే మాంసం ముక్కలు కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి.

ముందు గుడ్డు, చేప, చికెన్, పనీర్, పప్పు వంటివి తినాలి. తర్వాత కూరగాయలు. చోటు మిగిలితేనే రెండు ముద్దల అన్నం. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అవసరం. ఇది తగ్గితే కొవ్వుతో పాటు కండరమూ కరిగిపోతుంది. నీరసం ముంచుకొస్తుంది. సర్జరీ అయిన 3-6 నెలలకు జుట్టు రాలటం చాలామందిలో కనిపించేదే. ప్రొటీన్, ఐరన్ లోపిస్తే ఇది మరింత ఎక్కువవుతుంది.

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6-7 గ్రాములు, 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాములు, 75 గ్రాముల చేప లేదా చికెన్‌లో 15 గ్రాములకు పైగా ప్రొటీన్ లభిస్తుంది. చిన్న కప్పు పప్పుతో వచ్చేది 5-6 గ్రాములే. కాబట్టి శాకాహారులు పప్పు మీదే భరోసా పెట్టుకుంటే లెక్క కుదరదు. పనీర్, పెరుగు, మీల్‌మేకర్, పెసరట్టు వంటి వాటిని మార్చి మార్చి తీసుకోవాలి. అవసరమైతే ప్రొటీన్ పొడి వాడాలి.

* ముద్ద వేలి కొస పరిమాణంలో ఉండాలి. 20-30 సార్లు నమలాలి. భోజనానికి 20-30 నిమిషాలు కేటాయించాలి.
* కడుపు నిండినట్టు అనిపించగానే ఆపెయ్యాలి. కొందరికి ఎక్కిళ్లు, ముక్కు కారటం, ఛాతీ మధ్య బరువు వంటి గుర్తులు కనిపిస్తాయి. అవే ఇక చాలనే సంకేతం.
* తింటూ నీళ్లు, మజ్జిగ తాగొద్దు. తిన్నాక అరగంట ఆగాలి. మిగతా సమయంలో గుటకలుగా రోజుకు 1.5 నుంచి 2 లీటర్ల ద్రవాలు వెళ్లేలా చూసుకోవాలి.

తినగానే దడ, చెమటలు

పాయసమో, జిలేబీయో తిన్న 10-30 నిమిషాల్లోనే కడుపులో మెలిపెట్టటం, గుండెదడ, చెమటలు, తలతిప్పు, ఆ వెంటనే విరేచనం. గ్యాస్ అనుకుని సోడా తాగుతుంటారు గానీ ఇది డంపింగ్ సిండ్రోమ్ కావొచ్చు. బైపాస్ అయినవారిలో ఎక్కువ. స్లీవ్ తర్వాతా రావొచ్చు. తీపి పదార్థం వేగంగా పేగులోకి జారిపోవటం, దాన్ని పలుచన చేయటానికి ఒంట్లోని నీరు పేగులోకి చేరటమే దీనికి మూలం.

రెండో రకం తిన్న 1-3 గంటలకు వస్తుంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలో కలవటంతో ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలవుతుంది. దాంతో గ్లూకోజ్ పడిపోతుంది. చేతులు వణకటం, విపరీతమైన ఆకలి, అయోమయం వంటివి దీని లక్షణాలు. ఇది సర్జరీ అయిన ఏడాది తర్వాతా మొదలుకావొచ్చు. అప్పుడు స్వీటు తింటే ఉపశమనం కలుగుతుంది. కాసేపటికి మళ్లీ గ్లూకోజ్ పడిపోతుంది, మళ్లీ స్వీటు. ఇదో విషవలయం. గ్లూకోజ్ పడిపోయినప్పుడు కొద్దిగా గ్లూకోజ్ పొడి వంటివి తీసుకుని, కాస్త తేరుకున్నాక గుడ్డు, పనీర్, వేరుశనగల వంటి ప్రొటీన్ పదార్థం తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండింటికీ అసలు మందు ఆహారమే. స్వీట్లు, పళ్లరసాలు, కూల్‌డ్రింకులు మానెయ్యాలి. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినాలి. ప్రతిసారీ ప్రొటీన్ ఉండాలి. ఇలా చేసినా తగ్గకపోతే డాక్టర్ మందులు సూచిస్తారు.

మంట, మలబద్ధకం, గ్యాస్

స్లీవ్ చేయించుకున్నవారిలో కొందరికి ఛాతీలో మంట, పులితేన్పులు మొదలవుతాయి. అంతకుముందే ఉంటే ఎక్కువ కావొచ్చు. రాత్రి భోజనాన్ని పడుకోవటానికి 3 గంటల ముందే ముగించటం, కారం, వేపుళ్లు, కాఫీ తగ్గించటం, తల వైపు మంచం ఎత్తు పెంచటం మేలు చేస్తాయి. తగ్గకపోతే ఎండోస్కోపీ అవసరం కావొచ్చు. మందులు వాడినా లొంగని మంటతో బాధపడేవారికి కొన్నిసార్లు స్లీవ్‌ను బైపాస్‌గా మారుస్తారు.

తిండి, నీళ్లు తగ్గితే మలబద్ధకం సహజం. ఐరన్ మాత్రలూ తోడవుతాయి. ముందు నీళ్లు పెంచాలి. ఆ తర్వాతే పీచు. నీళ్లు తాగకుండా ఇసబ్‌గోల్ ఒక్కటే వేసుకుంటే ఇంకా గట్టిపడుతుంది. బైపాస్ తర్వాత కొందరికి పాలు పడవు. తాగగానే ఉబ్బరం, విరేచనాలు వస్తుంటే పాలకు బదులు పెరుగు ప్రయత్నించొచ్చు. మలం జిడ్డుగా, దుర్వాసనతో వస్తుంటే కొవ్వు సరిగా జీర్ణం కావటం లేదని అర్థం. డాక్టర్‌కు చెప్పాలి.

వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లూ ఏర్పడొచ్చు. వీటిని నివారించటానికే చాలామందికి తొలి 6 నెలలు అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. మధ్యలో మానెయ్యొద్దు.

వాంతులను తేలికగా తీసుకోవద్దు

గబగబా తిన్నప్పుడో, ఒక ముద్ద ఎక్కువైనప్పుడో అయ్యే వాంతి వేరు. రోజుల తరబడి అదేపనిగా అయ్యే వాంతులు వేరు. నీళ్లూ నిలవకపోతే అతుకు దగ్గర దారి సన్నబడిందేమో చూడాలి. దీన్ని చాలావరకు ఎండోస్కోపీతోనే వెడల్పు చేయొచ్చు.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. మన ఒంట్లో విటమిన్ బి1 నిల్వలు రెండు మూడు వారాలకే సరిపోతాయి. వాంతులు ఆగకుండా ఉంటే ఇవి అడుగంటి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించటం, నడకలో తూలటం, మతిమరుపు, తికమక దీని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. వీరికి సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించేముందే బి1 ఇవ్వాలి. కాబట్టి ఊళ్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా 'బరువు తగ్గే ఆపరేషన్ అయింది' అని మొట్టమొదట చెప్పాలి. సర్జరీ వివరాల కాగితం పర్సులో పెట్టుకుంటే మంచిది.

మాత్రలు జీవితాంతం

బరువు తగ్గాక, ఏడాది గడిచాక విటమిన్ మాత్రలు మానేసేవారున్నారు. లోపాలు వెంటనే బయటపడవు. బి12 నిల్వలు కొన్నేళ్ల వరకూ ఉంటాయి. అవి తరిగిపోయాక అరికాళ్ల తిమ్మిర్లు, రక్తహీనత మొదలవుతాయి. మల్టీవిటమిన్, బి12, ఐరన్, విటమిన్ డి, రోజుకు 1200-1500 మి.గ్రా. క్యాల్షియం అవసరం. క్యాల్షియం సిట్రేట్ రకమైతే బాగా ఒంటబడుతుంది. ఐరన్, క్యాల్షియం మాత్రలకు మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీతో ఐరన్ వేసుకోవద్దు. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి.

మధుమేహం, రక్తపోటు మందుల మోతాదులూ తగ్గించాల్సి రావొచ్చు. పాత మోతాదులే కొనసాగిస్తే గ్లూకోజ్, బీపీ పడిపోతాయి. ఒళ్లునొప్పులకు దుకాణంలో కొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి బైపాస్ అయినవారికి అసలే పనికిరావు. అతుకు దగ్గర పుండ్లు పడొచ్చు. పొగ తాగినా అంతే. మద్యం వేగంగా రక్తంలో కలుస్తుంది, త్వరగా వ్యసనమవుతుంది. ఆడవారు 12-18 నెలల పాటు గర్భధారణను వాయిదా వేసుకోవాలి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

* ఆపరేషన్ అయిన తొలి వారాల్లో జ్వరం, ఆగని గుండె వేగం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి. కుట్ల దగ్గర లీక్ కావొచ్చు.
* బైపాస్ అయి ఏళ్లు గడిచినా సరే.. హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి. పేగు మెలిపడి ఉండొచ్చు.
* నల్లటి మలం, రక్తవాంతి.
* ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోవటం, మూత్రం బాగా తగ్గటం.
* కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం.

ఇంట్లోవాళ్లకో మాట

'ఇంకొక్క ముద్ద' అని బతిమాలటం మనకు ప్రేమే. కానీ ఇక్కడ ఆ ఒక్క ముద్దే వాంతికి దారితీస్తుంది. అందరితో పాటు పంక్తిలో కూర్చోబెట్టండి. చిన్న గిన్నె, చిన్న చెంచా ఇవ్వండి. పెళ్లిళ్లలో బొబ్బట్టు వద్దంటే మారాం చేయొద్దు. పండగ రోజు నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు వీరికి మంచివి కావు. మొక్కు ఉంటే ఏం తినాలి, ఎంత తాగాలి అనేది ముందే డాక్టర్‌ను అడగాలి. ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైందో ఓ నోటుపుస్తకంలో రాసిపెట్టండి. రెండు వారాల లెక్క చూస్తే ఏది పడటం లేదో డాక్టర్‌కు, డైటీషియన్‌కు ఇట్టే తెలిసిపోతుంది.