లేని సరకునకు బేరము

గడచిన కార్తికమున మా యాడుబిడ్డ కుమార్తె వివాహము జరిగినది. మగపెండ్లివారి స్త్రీలకు పెట్టుటకు ఐదు మంగళగిరి నూలుచీరలు కావలసివచ్చినవి. బడిలో పరీక్షలు నడచుచుండుటచే మా యింటివారికి తీరిక లేదు. బస్సెక్కి పోవు నోపిక మాకు లేదు. దీపావళి తగ్గింపు ధరలు ముగియుటకు రెండు దినములు ముందుగ, ఫోనులో నొక యాన్‌లైను అంగడి తెరచి, ఐదు రంగులు ఏరి, సొమ్ము చెల్లించితిమి. ఆర్డరు స్థిరపడినదని తత్క్షణమే వర్తమానము వచ్చినది. మూడు చీరలు నాలుగవనాటికి చేరినవి. తక్కిన రెంటిని గూర్చి ఆరవనాడు పగలు విక్రేత మనుష్యుడెవడో ఫోను చేసెను.

“మేడమ్, ఆకుపచ్చదీ, నేరేడుపండు రంగుదీ స్టాకు లేదండి. మీరే క్యాన్సిల్ చేసుకోండి. కారణం అడిగితే ‘నాకు అక్కరలేదు’ అని నొక్కండి. డబ్బు వెంటనే వచ్చేస్తుంది.”

మాటతీరు మర్యాదగనే యున్నది. చెప్పినట్లే నొక్కితిమి. సొమ్ము మూడవనాడు తిరిగి వచ్చిన మాట నిజమే. కాని యప్పటికి తగ్గింపు గడువు దాటెను. అట్టి చీరయే మరల కొనబోగా ఒక్కొక్కదానికి 280 రూపాయలు హెచ్చు పెట్టవలసి యున్నది. పెండ్లికి ఎనిమిది దినములే మిగిలినవి. ఆ యంగడివారికి మొరపెట్టుకొనగా, ఆర్డరును రద్దు చేసినవారు మీరే, అక్కరలేదను కారణమును తెలిపినవారును మీరే యని బదులు వచ్చెను. వారి లెక్కలో అది సత్యమే. మా వ్రేలితో మేమే మాకు ప్రతికూలముగ సాక్ష్యమిచ్చుకొంటిమి. మా యింటివారు విని, పిల్లవాడు తప్పులెక్క చేసి, దిద్దినవారి సంతకము గూడ తానే పెట్టినట్లున్నదని నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

సరకు లేనివాడు ఆ మాట తానే వ్రాసి రద్దు చేయక, మాచేత నేల చేయించెను? ఈ సందేహమును తీర్చినది మా పినతల్లి కూతురు. ఆమె మంగళగిరిలో కాపురముండి, మూడేండ్లుగా నేతవారియొద్ద చీరలు తీసికొని యిట్టి యంగళ్లలో నమ్ముచున్నది. మునుపు లేని యోపిక తెచ్చుకొని, తక్కిన రెండు చీరలకై ఆమె యింటికే పోయితిమి. ఒక పగలంతయు ఆమె ప్రక్కన గూర్చుండి ఆ వ్యాపారపు లోగుట్టు చూచితిమి.

మనము ఫోనులో తెరచు పెద్ద యంగడి చాలవరకు అంగడి కాదు, సంత. సంత యజమాని స్థలమిచ్చి, సొమ్ము వసూలు చేసి, తన పాలు తాను తీసికొనును, సరకు వేరొకరిది. అమెజాను, ఫ్లిప్‌కార్టు, మీషో మున్నగువానిలో వస్తువు బొమ్మకు దిగువను విక్రేత పేరు చిన్న యక్షరములలో నుండును. మనము దానిని చదువము. ఆ విక్రేత తనయొద్ద నెన్ని గలవో అంకె వ్రాసియుంచును. ఆ అంకె యున్నంతవరకు యంత్రము ఆర్డర్లు పుచ్చుకొనుచునే యుండును. బీరువాలో చీర యున్నదా లేదా యని యది తలుపు తీసి చూడదు.

అంకె తప్పుటకు దురుద్దేశమే యక్కరలేదు. మా చెల్లెలు ఒకే చీరను రెండు సంతలలోను, తన వాట్సాపు గుంపులోను చూపును. రాత్రి తొమ్మిదింటికి ఒకచోట నమ్ముడుపోయిన చీరను, పిల్లలకు అన్నము పెట్టి వచ్చి తీసివేయులోపల, రెండవచోట మరియొక యిల్లాలు కొనును. ఎవరో గుమ్మముకడ పుచ్చుకొనక త్రిప్పి పంపిన చీర లెక్కలో చేరియుండును గాని, యింకను లారీలోనే యుండును. పైగా ఇది గుంటమగ్గపు నేత. ఒక పడుగు మీద కొన్ని చీరలే దిగును. పడుగు ముగిసిన పిమ్మట అదే రంగు మరల అద్దినను వెనుకటి ఛాయ సరిగా రాదు. వానలు హెచ్చినచో గుంటలో నీరూరి మగ్గము నిలుచును. నిజాం అంచు చీర ఇంకొకటి తెమ్మనిన, మిల్లునుండి తాను దింపినట్లు దిగదు గదా.

సరకు నెన్నడు కంటజూడక అమ్మువారును గలరు. ఇతరుల బొమ్మలు పెట్టి, ఆర్డరు వచ్చిన పిమ్మట టోకు వర్తకునియొద్ద కొని పంపుదురు. అతనియొద్ద లేనిచో వీరియొద్దను లేదు. సంత యజమాని గిడ్డంగిలోనే ముందుగ చేర్చియుంచిన సరకునకు ఈ యవస్థ తక్కువ. అక్కడ లెక్క యజమానిదే.

ఇక లేని చీరకు ఆర్డరు వచ్చినది. విక్రేత యేమి చేయవలెను? ఇరుగు వర్తకునియొద్ద, లాభము పోయినను, కొని పంపువారు కొందరు. ఆకుపచ్చకు బదులు చిలుకపచ్చ పంపి, ఊరకుండక పోదురా యని యెదురుచూచువారు కొందరు. పొట్లముపై నంటించు చీటీ మాత్రము ముద్రించి, సరకు బయలుదేరినదని గుర్తు పెట్టి, నాలుగు దినములు గడువు సంపాదించువారును గలరట. మన ఫోనులో “పంపబడినది” అనియే యుండును, పొట్లము మాత్రము కదలదు. మాకు జరిగినట్లు కొనినవారిచేతనే రద్దు చేయించుట మరియొక మార్గము. సరకు లేదని తామే వ్రాసి రద్దు చేయుట చిట్టచివరిది.

అది చివరిదగుటకు కారణము మాకక్కడ తెలిసినది. అమెజాను నియమము ప్రకారము, సరకు తానే పంపుకొను విక్రేత తనంతట రద్దు చేసిన ఆర్డర్లు ఏడు దినముల లెక్కలో నూటికి 2.5 లోపల నుండవలెను. మించినచో అమ్ముకొను హక్కునకే ముప్పు. కొనినవారు తాము కోరి రద్దు చేసినది ఈ లెక్కలోనికి రాదు. వారమునకు 400 ఆర్డర్లు గల వర్తకుడు తొమ్మిదింటిని రద్దు చేసినను హద్దు దాటడు. పది ఆర్డర్లు గల మా చెల్లెలు ఒక్కటి రద్దు చేసినను నూటికి పది! కొనువారిని కాపాడుటకు పెట్టిన నియమమే చిన్న విక్రేతను భయపెట్టి, ఆ భయము ఫోనులో తీయని మాటయై మన చెవిని పడుచున్నది. అట్లని మాతో కల్లలాడించుట తగునని మేమొప్పుకొనము. తన మార్కులు పోకుండుటకు మా పేర అబద్ధము వ్రాయింప నతనికేమి యధికారము?

ఈ మాట యనగానే మా చెల్లెలు తల వంచుకొన్నది. “అక్కయ్యా, మొదటి యేడు నేనూ ఒకావిడ చేత అట్లాగే నొక్కించాను. కూతురి సీమంతానికి కావాలందిట. కోప్పడితే బాగుండేది. ‘పోనీలేమ్మా, నీ అకౌంటు పోకూడదుగా’ అన్నది. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.”

ఇప్పుడామె యింట నొక పాత నోటుపుస్తకము గలదు. రాత్రి దీపము ఆర్పులోపల బీరువాలోని చీరలు లెక్కించి, రెండు సంతల యంకెలు దానితో సరిచూచును. ఒక రంగున కడపటి చీర మిగిలినచో ఒకచోటనే యుంచి తక్కినచోట్ల సున్న చేయును. ఊరికి పోవునప్పుడు అన్నియు సున్నలే. తిరిగివచ్చు చీర చేతబడి, విప్పి మడత చూచినగాని లెక్కలో చేర్చదు. ఇంత చేసినను తప్పు దొరలినచో ఆనాడే కొనినవారికి తెలుపును: ఇన్ని దినములు ఆగుదురా, వేరు రంగు బొమ్మ పంపుదునా, లేక సరకు లేదని నేనే రద్దు చేయుదునా అని. దీనివలన ఒకమారు హెచ్చరిక వచ్చినది. జరిగినది జరిగినట్లు వ్రాసి పంపి గండము గడచినది.

చిన్ననాడు తండ్రిగారియొద్ద చదివిన యర్థశాస్త్రము మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. కౌటిల్యుడు మూడవ యధికరణమున, అమ్మిన సరకు ఇయ్యని వర్తకునకు 12 పణములు దండన విధించినాడు. సరకునందలి దోషము, రాజచోరాగ్నిజలములవలని యుపద్రవము వంటివే మినహాయింపులు. బేరము విషయమున మనసు మార్చుకొనుటకు వర్తకునకు ఒక్క రాత్రి గడువు, కర్షకునకు మూడు రాత్రులు. మా విక్రేతకు ఆరవనాటిదాక నోరు రాలేదు.

నేటి శాసనమును ఊరకుండలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2020 జూలై 23న ఆన్‌లైను వర్తకమునకు ప్రత్యేక నియమములు వెలువడినవి. ఫిర్యాదు నందుకొను అధికారి 48 గంటలలో అందినదని తెలిపి, ఒక నెలలోపల పరిష్కరింపవలెను. చూపినదొకటి పంపినదొకటి యైనచో విక్రేత వెనుకకు తీసికొననని గాని సొమ్ము ఈయనని గాని యనరాదు. అంగడివారు తామై రద్దు చేసినప్పుడు అట్టి రుసుము తామును భరింపనిచో, మనము రద్దు చేసినందులకు మనయొద్ద రుసుము పుచ్చుకొనరాదు. 1915 అను అంకెకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము పలుకును. ఐదు లక్షల రూపాయలలోపు వ్యవహారమునకు జిల్లా కమిషనునందు రుసుము లేదు. అంగడి యెచ్చటనున్నను మన మున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. ఇన్నియు నుండియు, ‘నాకు అక్కరలేదు’ అని మనమే నొక్కినచో దేనిని చూపి యడుగుదుము?

కావున సోదరీమణులారా, ఎవరైన ఫోను చేసి మీరే రద్దు చేయుడనినచో, “లేదన్న మాట మీరే వ్రాసి రద్దు చేయుడు” అనుడు. అంతగా జాలి కలిగి మీరే చేయదలచినను, ఆ మాట అంగడి సందేశములలో వ్రాయించుకొని, దాని బొమ్మ తీసియుంచి, కారణముకడ నిజమైనదే యెన్నుకొనుడు. సొమ్ము అంగడివారి పద్దులో జమచేయుదుమనినచో, వచ్చిన త్రోవనే బ్యాంకునకు పంపుడని కోరుడు. శుభకార్యమునకు కావలసినది తగ్గింపు కడపటి దినములదాక నాపకుడు, మేమాపి యనుభవించితిమి.

ఇక మా చీరల సంగతి. ఆకుపచ్చది మా చెల్లెలి బీరువాలోనే దొరికినది. నేరేడుపండు రంగుది లేదు. పడుగు మగ్గము మీద నున్నది, పదునైదు దినములు పట్టునని, పెండ్లికి అందదని దాచక చెప్పినది. వియ్యపురాలి తోడికోడలికి మా పెట్టెలోని కట్టని చీర యొకటి పెట్టి మర్యాద నిలుపుకొంటిమి. పెండ్లియైన పదునొకండవ దినమున, గంజి వాసన యింకను పోని నేరేడుపండు రంగు చీర వచ్చినది. దానిని కట్టుకొనియే యీ నాలుగు మాటలును వ్రాసితిమి.