పులియడం, మాగడం: వైన్ నిల్వను తెలిపే తెలుగు క్రియలు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల వ్యవహారంలో కల్లు పులుస్తుంది. వరిగడ్డిలో వేసిన మామిడికాయ మాగుతుంది. మొదటిది సూక్ష్మజీవుల చర్య, రెండవది అంతర్గత పరిణామం. వైన్ విషయంలో ఈ భేదం కీలకం.

గాలి తగిలే కుండలోని కల్లు ఒక రోజులోనే ఎసిటిక్ ఆమ్లం పెరిగి పుల్లబడుతుంది. వైన్‌ను మాత్రం కిణ్వనం ముగిశాక ఈస్ట్ నుండి వేరుచేసి, గాలీ వెలుతురూ సోకకుండా, సుమారు 12–14 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వచేస్తారు. టానిన్లు పరస్పరం కలిసి వగరు తగ్గుతుంది. ఆమ్లాలు, ఆల్కహాలు కలిసి ఎస్టర్లు ఏర్పడి పరిమళం మారుతుంది. ఇదే మాగడం. గాలి అధికంగా చొరబడితే వైన్ సైతం పులుస్తుంది. పైగా అన్ని వైన్లూ ఏళ్ళ తరబడి మాగవు. అధికభాగం త్వరగా తాగదగినవే.

కనుక నాణ్యతను నిర్ణయించేది కాలం మాత్రమే కాదు, నిల్వ విధానం కూడా. ఈ రెండు దశలనూ ‘పులియబెట్టడం’ అనే ఒకే మాటతో అనువదిస్తే అర్థసంకరం కలుగుతుంది. రెండవదానికి ‘మాగుదల’ సముచితమైన పారిభాషిక పదం.