తిప్పతీగ కషాయం: మంచిదా, ముప్పా?

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సైడు కంచెల మీద, వేపచెట్ల మీద తిప్పతీగ కనిపిస్తనే ఉంటది. కరోనా టైంలో ఇమ్యూనిటీ కోసమని చాలా ఇళ్లల్లో రోజూ కషాయం తాగారు. మరి సైన్స్ ఏమంటోంది?

ముందు లాభం. 2005లో ముక్కు అలర్జీ ఉన్న 75 మందితో 8 వారాల ట్రయల్ చేస్తే తుమ్ములు, ముక్కు కారడం తగ్గాయి. కానీ అది చిన్న ట్రయల్.

ఇక ముప్పు. తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న 43 మంది కేసులను 13 ఆసుపత్రుల డాక్టర్లు 2022లో ప్రచురించారు. చాలామందిలో సొంత ఇమ్యూనిటీయే లివర్ మీద దాడి చేసిన లక్షణాలు కనిపించాయి. అంతకుముందు ముంబై కేసులప్పుడు ఆయుష్ శాఖ, అది తిప్పతీగను పోలిన వేరే తీగ అయి ఉండొచ్చని చెప్పింది. చెట్టు మీద చూసి తెంపుకునే మనకు ఆ తేడా తెలుస్తదా?

అందరికీ ఇట్లా అవుతుందని కాదు. లివర్ జబ్బు, ఆటోఇమ్యూన్ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ను అడగకుండా తాగొద్దు. కళ్లు పచ్చబడితే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. "నాటు మందే కదా" అని దాచొద్దు, ఏం తాగారో చెప్పండి. ఈ మాట ఇంట్లో అమ్మమ్మకు కూడా చెప్పండి.